యుద్ధంపై విలేకరులు సొంత అభిప్రాయం చెప్పకూడదని పత్రికలు కట్టడి చేయడం సబబేనా?

సబబే, ఆ రూలు అందరికీ ఒకేలా వర్తిస్తే. అలా వర్తించగా నేనైతే చూడలేదు.

1999 జూన్. విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. కార్గిల్ వార్తలు వార్తాసంస్థల నుంచి ఇంగ్లిష్‌లో ఏజెన్సీ కాపీగా వచ్చేవి. ఇంగ్లిష్‌వాడికి హాయి, ఎవరు పోయినా ‘కిల్డ్’ అంటే సరిపోతుంది. మనకలా కుదరదు. చనిపోయాడా, మరణించారా, హతమయ్యాడా, నేలకొరిగారా? ఏది రాసినా మనం ఎటువైపో క్రియ దగ్గరే తెలిసిపోతుంది.

ఒక రాత్రి మన అధికారి ఒకరు, అవతలి అధికారి ఒకరు పోయిన వార్త నా చేతికొచ్చింది. ఎడిషన్ టైము ముంచుకొస్తోంది. ఆ టెన్షన్‌లో ఇద్దరికీ ‘మరణించారు’ అని రాసేశాను. ప్రింటవుట్ చూసిన ఇన్‌ఛార్జిగారు ఎర్ర పెన్ను తీశారు. మొదటిది ‘నేలకొరిగారు’ అయింది, రెండోది ‘హతమయ్యాడు’ అయింది.

“ఏమయ్యా, నీ అభిప్రాయం ఎవరడిగారు? వాడికి ‘రు’ ఏమిటి?”

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం: యుద్ధవార్తల్లో సిబ్బంది సొంత అభిప్రాయాలు చొప్పించరాదు. పక్కనే అతికించిన మా మొదటి పేజీలో బ్యానర్: ‘ముష్కరులకు మూడింది’. (నైట్ అలవెన్స్ పెంచమని మేం పెట్టుకున్న అర్జీకి మాత్రం ఆ బోర్డు మీద ఎన్నడూ జవాబు రాలేదు.)

ఇది మన దగ్గరే కాదు. 1982లో అర్జెంటీనాతో ఫాక్లండ్స్ యుద్ధమప్పుడు బీబీసీ ‘మన సైన్యం’ అనకుండా ‘బ్రిటిష్ సైన్యం’ అన్నందుకు బ్రిటన్ ప్రధాని థాచర్‌కి ఒళ్లు మండింది. 2003 మార్చిలో ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ వీధిలోకెళ్లి అరెస్టయిన హెన్రీ నార్‌కి శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో ఉద్యోగం పోయింది. సిక్ లీవ్ పెట్టి వెళ్లాడని పత్రిక కారణం చూపించింది. ఆయన రాసేది కంప్యూటర్ల గురించి! అదే యుద్ధాన్ని పొగిడి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ని ఒక్కణ్ని చూపించండి. 2019లో పాకిస్తాన్‌లోని బాలాకోట్ మీద మన వైమానిక దాడి తర్వాత మన తెలుగు ఛానెల్లోనే ఒక యాంకర్ సైనిక దుస్తులేసుకుని, బొమ్మ తుపాకీ పట్టుకుని వార్తలు చెప్పాడు. అది అభిప్రాయం కాదట.

మా ఇన్‌ఛార్జిగారు చెడ్డవారేం కాదు. జులైలో ఇంకో కాపీ వచ్చింది. పాకిస్తాన్ తమవాళ్ల శవాలను తీసుకోకపోతే, మన సైన్యమే ఇస్లాం పద్ధతిలో ప్రార్థన చేయించి కొండల మీద సమాధి చేసింది. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. తర్వాత నన్ను పిలిచి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు:

“పూడ్చిపెట్టారు అందామా, ఖననం చేశారు అందామా?”

ఖననం అన్నాను. ఎర్ర పెన్ను ముట్టుకోలేదు.