చిల్లు పెట్టేదెవరో ముందే తేల్చుకో

చిరంజీవి అల్లుడికి, మామయ్య దీవెనలు.

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు ఏదో చెప్పేశాను గానీ, పెట్టేశాక మనసు ఊరుకోలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ ప్రశ్న చిన్నదే. పొయ్యికి కొత్త పొగగొట్టం బిగించే ఫిట్టర్ "కప్పు పని మాది కాదండీ, వేరే మనిషిని చూసుకోండి" అన్నాడు. కప్పు పని చేసే అతనేమో "గొట్టం వాళ్లదైనప్పుడు చుట్టూ నీళ్లు దిగకుండా మూసే పని కూడా వాళ్లదే కదా" అన్నాడు. ఇద్దరిలో ఎవరిది న్యాయం?

ఇద్దరిదీ న్యాయమేరా. తిప్పలంతా అక్కడే ఉంది. పొగ పైకి పోతే ఫిట్టర్ పని అయిపోయినట్టు. కప్పు మీద పడ్డ వాన జారిపోతే ఇంకో అతని పని అయిపోయినట్టు. ఈ రెండు పనుల మధ్య గొట్టం చుట్టూ జానెడు వెడల్పున ఒక చోటు మిగిలిపోతుంది. అది ఎవరి కొటేషన్‌లోనూ ఉండదు. నీళ్లు వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా అక్కడే దిగుతాయి.

పనివాళ్లలో ఒక పాత మాట ఉంది, చిల్లు పెట్టినవాడే పూడ్చాలి అని. నేనూ అదే పాటిస్తాను. వేరేగా ఒప్పుకుంటే తప్ప, కప్పును ఎవరు కోస్తారో నీళ్లు దిగకుండా మూయాల్సిందీ వాళ్లే. కానీ నోటిమాటగా ఉన్నంతకాలం ఆ మాటకు విలువ లేదు. లీకు వచ్చిన రోజున అందరూ "మేమలా అనుకోలేదే" అంటారు.

ఈ సంగతి నాకు తెలిసింది వేరే వాళ్ల ఇంట్లో కాదు, మా ఇంట్లోనే. అప్పటికే చాలా ఇళ్ల పనులు దగ్గరుండి చేయించినవాణ్ణి, నాకు తెలియదా అన్న ధీమా ఉండేది. ఫిట్టర్ ఒక్క పూటలో గొట్టం నిలబెట్టాడు. చుట్టూ ఒక ట్యూబు సిలికాన్ జిగురు పిండి, వేలితో నున్నగా దిద్ది, "ఇక చుక్క దిగదు" అని వెళ్లిపోయాడు. మొదటి ఏడు నిజంగానే దిగలేదు. రెండో ఏడు ముసురు పట్టిన ఒక రాత్రి పొయ్యి మీది ఇనుప పలక మీద టప్‌మని చప్పుడు. కాసేపాగి మళ్లీ టప్. పొద్దున చూస్తే బొటనవేలి గోరంత తుప్పు మరక. నిచ్చెన వేసుకుని పైకెక్కాను. ఆ సిలికాన్ వలయం గొట్టాన్ని వదిలేసి, చల్లారిన పాల మీద తొరకలా లేచి ఉంది. కొస పట్టుకుని లాగితే మొత్తం చుట్ట చుట్టుకుని చేతికొచ్చేసింది.

ఫిట్టర్‌ని పిలిస్తే "మీ కప్పు కదిలింది, మా పనిలో లోపం లేదు" అన్నాడు. కప్పు అతన్ని పిలిస్తే "నా కప్పుకు నన్నడక్కుండా చిల్లు పెట్టించారు, ఇక నా గ్యారంటీ లేదు" అన్నాడు. నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు. చివరికి నా ఖర్చుతో మూడో మనిషిని పెట్టి చేయించుకున్నాను. ఇద్దరి మీదా కోపం వచ్చిన మాట నిజమే గానీ, తప్పు నాదేనని ఒప్పుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

సిలికాన్ ఎందుకు ఊడిందో చెబుతాను, ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. స్టీలు వేడికి సాగుతుంది. ఒంటి పొర గొట్టం 3 మీటర్లది 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది, చల్లారితే మళ్లీ తగ్గుతుంది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఇదే. కప్పేమో కదలదు. కదిలేదాన్నీ కదలనిదాన్నీ జిగురుతో అతికిస్తే ఆ జిగురు ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే తెలిసినవాళ్లు అతికించరు, ఒకదాని మీద ఒకటి కప్పుతారు.

వాలు కప్పు మీద ఆ పని ఇలా ఉంటుంది. గొట్టం చుట్టూ రేకుతో చేసిన ఫ్లాషింగ్ ఒకటి కూర్చుంటుంది. కింద పలకలా పరుచుకుని, మధ్యలో గరాటు బోర్లించినట్టు పైకి లేచి ఉంటుంది. దాని ఎగువ అంచు పై వరస పెంకుల కిందికి పోవాలి, దిగువ అంచు కింది వరస పెంకుల మీదికి రావాలి. పై పెంకు మీద జారిన నీరు ఫ్లాషింగ్ మీదికి, అక్కణ్ణుంచి కింది పెంకు మీదికి నడిచిపోతుంది. ఎగువ అంచు పెంకుల పైన కూర్చుందా, ఎన్ని ట్యూబులు పిండినా ఆ నీళ్లు ఏదో ఒక రోజు లోపలికి వస్తాయి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, ఎందుకంటే పై వరస పెంకులు లేపడం విసుగు పని. ఇక గరాటు మూతికీ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది. అది గొట్టం సాగడానికీ, గాలి ఆడడానికీ కావాలనే వదిలింది, దాన్ని మూయకూడదు. దానికి కాస్త పైన గొట్టానికి పట్టీలా ఒక వాన కాలర్ బిగిస్తారు, సందుకు గొడుగు పట్టినట్టు. సీలెంట్ అవసరమయ్యేది ఆ కాలర్‌కీ గొట్టానికీ మధ్య పై అంచున, అదీ వేడికి తట్టుకునే రకం. కాలర్ గొట్టంతోపాటే కదులుతుంది కాబట్టి అక్కడ అది నిలుస్తుంది.

రేకుల కప్పయితే కొందరు ఫ్లాషింగ్‌కి బదులు రబ్బరు బూటు, అంటే గొట్టానికి తొడిగే రబ్బరు తొడుగు, వేస్తారు. మామూలు నల్ల రబ్బరుది 100 డిగ్రీలు దాటి కొంతవరకే ఓర్చుకుంటుంది, సిలికాన్ బూటు సుమారు 200 వరకూ ఆగుతుంది. కట్టెల పొయ్యికి ఏది వేస్తున్నారో అడుగు. ఫ్లాషింగ్ లోహం కూడా చూసుకో. జింకు పూత రేకు మీదికి రాగి మీంచి జారిన నీరు వస్తే పూత తినేస్తుంది. పచ్చి సిమెంటు తగిలితే అల్యూమినియం పాడవుతుంది.

ఇటుకలతో కట్టే వెడల్పాటి చిమ్నీ అయితే లెక్క వేరు. దాని వీపు వెనక, అంటే ఎగువ వైపు, నీరూ ఆకులూ నిలిచిపోతాయి. నీటిని రెండు పక్కలకీ చీల్చడానికి అక్కడ రెండు వాలుల చిన్న కప్పులాంటిది కడతారు. అమెరికా ఇళ్ల నిర్మాణ కోడ్‌లో చిమ్నీ 30 అంగుళాల కంటే వెడల్పయితే ఇది తప్పనిసరి. నీది గొట్టమే కాబట్టి దీని జోలికి పోవక్కర్లేదు.

స్లాబు అయితే గొడవ ఇంకో రకం. అక్కడ సుత్తీ ఉలీ పెట్టి బాదనివ్వకు, గుండ్రంగా కోసే కోర్ కటింగ్ మెషీన్‌తోనే కోయించు. ముందు ఇనుప చువ్వలు, బీము ఎక్కడున్నాయో చూసినవాళ్లెవరో అడుగు, ఆ బాధ్యత కూడా ఒకరి పేరు మీద ఉండాలి. గొట్టం చుట్టూ స్లాబు మీద కనీసం 150 మిల్లీమీటర్ల ఎత్తు గట్టు కట్టి, వాటర్‌ప్రూఫింగ్ పొరను ఆ గట్టు మీదిదాకా ఎక్కించాలి. స్లాబు మట్టానే ఆపేస్తే నిలిచిన నీరు ఊరికే ఉండదు.

ఇప్పుడు అసలు విషయం, ఎవరికి అప్పగించాలి. నన్నడిగితే, పాత పెంకుల కప్పయినా, గ్యారంటీ ఇంకా నడుస్తున్న కప్పయినా, చిల్లు కోసే పనీ ఫ్లాషింగ్ పనీ కప్పు మనిషికే ఇవ్వు. వాన సంగతి తెలిసినవాడు అతనే, గ్యారంటీ నిలబెట్టాల్సిందీ అతనే. ఫిట్టర్ పని చిల్లు మధ్య బిందువు చూపించడం, ఎంత వెడల్పు కావాలో చెప్పడం. దారానికి గుండు కట్టి పైనుంచి పొయ్యి మూతి మీదికి వదిలి, అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టమను. గొట్టానికీ చెక్కకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలో కూడా ఫిట్టరే చెప్పాలి. ఇన్సులేషన్ ఉన్న రెండు పొరల గొట్టాలకు చాలావాటికి 2 అంగుళాలు అడుగుతారు, కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. ఈ ఖాళీ గురించి కప్పు మనిషికి గట్టిగా చెప్పు. సందు కనిపించగానే ఉబ్బి గట్టిపడే ఫోమ్ కొట్టేసే అలవాటు కొందరికి ఉంది. ఫోమ్ నీళ్లు ఆపుతుందేమో గానీ మంటకు అంటుకుంటుంది. నీళ్లకు భయపడి నిప్పు కొనితెచ్చుకోవద్దు.

ఫిట్టరే మొత్తం చేస్తానంటే అదీ మంచిదే, ఒకే మనిషైతే వేలు చూపించడానికి ఇంకొకడు ఉండడు. కానీ అతను ఇంతకుముందు ఇలాంటి కప్పు మీద చేసిన పని ఒకటి చూపించమను. ఫోటో కాదు, రెండు వానాకాలాలు చూసిన పని. పైగా పాత కప్పు వేసినతన్ని, వేరేవాళ్లు కోస్తే గ్యారంటీ ఉంటుందా పోతుందా అని ముందే రాతపూర్వకంగా అడుగు.

ఎవరైనా సరే, కొటేషన్ కింద ఇలా రాయించు: "కప్పుకు రంధ్రం కోయడం, ఫ్లాషింగ్ బిగించడం, పాత కప్పుతో కలిపి నీరు దిగకుండా చేయడం ఫలానా వారి బాధ్యత. రెండు వానాకాలాల లోపు ఆ చోట లీకు వస్తే, ఇంటి లోపల కప్పు అడుగుకీ పెయింటుకీ జరిగిన నష్టంతో సహా వారి ఖర్చుతోనే సరిచేయాలి." 'ఫలానా' ఉన్నచోట ఒక్క పేరే ఉండాలి. "ఇద్దరూ కలిసి" అని రాయించావంటే మళ్లీ నా కథే. "నీరు దిగకుండా మూయబడును" అని మాత్రమే రాస్తే కూడా ఒప్పుకోకు. ఎవరు చేస్తారో లేని వాక్యం అది.

చిల్లు కోసిన రోజే గొట్టమూ ఫ్లాషింగూ ఎక్కేలా ఇద్దరినీ ఒకే రోజుకు రప్పించు. అది కుదరకపోతే ఆ రాత్రికి టార్పాలిన్ ఎవరు కప్పుతారో, గాలికి లేస్తే ఎవరు వస్తారో అదీ మాట్లాడుకో. నవ్వుకోకు, ఒక ఇంట్లో పరుపులన్నీ తడిసింది సరిగ్గా ఆ ఒక్క రాత్రే.

పని అయ్యాక చివరి వాయిదా డబ్బు చేతిలో ఉంచుకుని పైపుతో నీళ్లు కొట్టి చూడు. కింది నుంచి మొదలుపెట్టాలి. ముందు ఫ్లాషింగ్ దిగువ అంచు మీద పావుగంట, తర్వాత పక్కల, తర్వాత ఎగువ వైపు, ఆఖరికి కాలర్ మీద. లోపల ఒకరు టార్చి పట్టుకుని నిలబడాలి. ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే లీకు ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడో తెలియదు. పైగా నీరు దిగిన చోటే మరక పడాలని లేదు. దూలం వెంట పాకి, రెండు గజాల అవతల కారుతుంది.

ఇంకొకటి. వాన లేని చలి రోజుల్లో గొట్టం వెంట నల్లగా, ఘాటు వాసనతో చుక్కలు కారితే అది కప్పు లీకు కాదు. కిలో ఎండు కట్టె కాలినా సుమారు అర లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లటి గొట్టంలో ఆ ఆవిరి నీరై కిందికి జారుతుంది. అప్పుడు కప్పు మనిషి మీద ఎగరకు, అది ఫిట్టర్ చూసుకోవాల్సిన సంగతి. గొట్టానికి ఇన్సులేషన్ చాలకపోవచ్చు, పచ్చి కట్టెలు వేస్తున్నావేమో కూడా చూసుకో.

చిల్లు కోసిన రోజున పైనుంచి ఒక ఫోటో పంపు, ఎగువ వైపు పెంకులు లేపి ఉన్నప్పుడే. కప్పేశాక పంపితే నాకు కనిపించేది పెంకులే. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మామయ్య