దొరికిన పిల్ల కథ: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ చదివాను. విజయవాడ స్టేషనులో దొరికిన పసిపిల్లను వరంగల్లు తీసుకుపోయిన దంపతులు ఆమెను ఏళ్ళ తరబడి హింసించారనీ, చివరికి కన్నతల్లి ఎవరో ఒక ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడనీ రాశావు. వాక్యం మీద నీకు పట్టు ఉంది. అయితే పాఠకుణ్ణి తొలిచే ప్రశ్న కన్నతల్లి ఎవరన్నది కాదు; అంత గిట్టని పిల్లను ఆ దంపతులు ఇంట్లో ఎందుకు ఉంచుకున్నారన్నది. దానికి నీ కథలో జవాబు లేదు.

తల్లిదండ్రుల జాడ లేని బిడ్డ కనబడితే 24 గంటల్లోగా పోలీసులకో, 1098 అనే బాలల సహాయ ఫోను నంబరుకో, బాలల సంక్షేమ సమితికో తెలపాలని 2015 నాటి బాలల న్యాయ చట్టం చెబుతోంది. నీ కథ అంతకు ముందు కాలానిదైనా, ఏ ఠాణాలోనూ ఒక్క కాగితం లేకుండా పిల్ల ఎలా వచ్చిందని ఇరుగుపొరుగు అనుకోకుండా ఉండరు. కాబట్టి "దొరికింది" అన్న మాటనే మొదటి అబద్ధం చెయ్యి. ఆ పిల్ల చనిపోయిన అన్నగారి కూతురు. తండ్రి వదిలిన పొలం ఆమె పేరున ఉంది, బాబాయిని కోర్టు గార్డియనుగా నియమించింది. కోర్టు అనుమతి లేకుండా అతడు ఆ పొలం అమ్ముకున్నాడు. సొంత ఊరివాళ్ళకు పిల్ల హాస్టల్లో చదువుతోందని చెబుతాడు. ఇంట్లో ఆమె చేత తనను అయ్యగారనీ, భార్యను అమ్మగారనీ పిలిపించుకుంటాడు.

ఇక బెల్టు దెబ్బలు, అట్లకాడ వాతలు నీ ప్రతిలో నాలుగు పుటలు ఆక్రమించాయి. రెండో దెబ్బకే చదివేవాడి మనసు మొద్దుబారుతుంది. దానికి బదులు బడిలో గ్రూపు ఫోటో తీసే రోజున పిల్లకు బట్టల మూట అప్పగించి ఇంట్లోనే ఆపెయ్యి. ఊరి నుంచి చుట్టం వచ్చినప్పుడల్లా పెరట్లోకి పంపి, అతడు వెళ్ళేదాకా అన్నం పెట్టకుండా కూర్చోబెట్టు. మొదట చదివినప్పుడు ఇవి పిసినిగొట్టు ఇల్లాలి కాఠిన్యంగానే కనిపిస్తాయి, నిజం బయటపడ్డాక పిల్లను ఎవరి కంటా పడనీయకుండా చేసిన కాపలా అని తెలుస్తుంది. అలా రెండు పనులూ చెయ్యని హింసను నిర్దాక్షిణ్యంగా కొట్టెయ్యి. కథను పిల్ల చేతనే చెప్పించు. తాను దొరికిన పిల్లనేనని ఆమె నమ్ముతోంది కనుక పాఠకుణ్ణి నువ్వు మోసగించినట్టు కాదు.

ఇన్‌స్పెక్టరును తీసెయ్యి. ఇనప్పెట్టె అడుగున ఆమెకు ఒక పాత పట్టాదారు పాస్‌పుస్తకం దొరకనీ. లోపలి ఫోటోలో ఎన్నడూ చూడని మనిషి, తన నుదురే, తన చెవులే. పక్క పేజీలో సర్వే నంబర్లు. వాటితో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ, అంటే ఆ పొలం మీద నమోదైన లావాదేవీల పత్రం, తీయిస్తే, రాసి ఇచ్చినవారి గడిలో మైనరుగా తన పేరు, గార్డియనుగా అయ్యగారి పేరు కనబడతాయి. అక్కడ ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యకు.

ఉత్కంఠ కోసం నువ్వు పెట్టిన వాన, కరెంటు పోవడం అక్కర్లేదు, తేదీ చాలు. అటువంటి అమ్మకాన్ని రద్దు చేయించుకోవాలంటే మైనరు మేజరైన నాటి నుంచి మూడేళ్ళలోగా దావా వెయ్యాలి. బడిలో చేర్చినప్పుడు బాబాయి ఆమె పుట్టిన తేదీని రెండేళ్ళ తరువాతిదిగా, వయసు తగ్గించి రాయించాడనుకో. తనకు పందొమ్మిది నిండబోతున్నాయని ఆమె అనుకుంటున్న వారంలోనే నిజానికి ఇరవై ఒకటి నిండిపోతాయి, గడువూ తీరిపోతుంది. ఆ వారంలోనే అమ్మగారు ఉన్నట్టుండి తలంటు పోసి, కొత్త లంగా ఓణీ కొనిపెట్టి, ఎక్కడికీ వెళ్ళవద్దమ్మా అని బతిమాలుతుంది. ఈ సన్నివేశాన్ని తొందరపడకుండా, కుంకుడుకాయ రసం కళ్ళలో పడి మండేదాకా రాయి. నీ ప్రతిలోని దెబ్బలన్నిటికంటే ఆ చెయ్యే ఎక్కువ భయపెడుతుంది.

ముగింపులో ఆమె ఇల్లు తగలబెట్టినట్టు రాశావు. ఆ కోపం నాకు అర్థమైంది కానీ, ఇంత లెక్కగా నడిచిన కథలో దావా కాగితం మీద ఆమె పెట్టే సంతకమే వాళ్ళకు పెద్ద దెబ్బ. తిరగరాశాక సివిలు దావాలు నడిపే వకీలు ఎవరికైనా చూపించు. ముఖ్యంగా పుట్టిన తేదీకి ఏ కాగితం సాక్ష్యమవుతుందో, బడి రిజిస్టరును కాదనడానికి ఏం కావాలో అడిగి తెలుసుకున్న తరువాతే నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి