ఊళ్ళో ఇంట్లో నాస్ పెట్టి హైదరాబాద్ నుంచి చూసుకోవచ్చా? స్టాటిక్ ఐపీ కొనాలా?

నాస్, అంటే ఫైళ్ళు దాచుకోవడానికి ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే డిస్కుల పెట్టె, అమ్మానాన్నల ఇంట్లో ఒకటి, అత్తగారింట్లో ఒకటి పెట్టి ఇక్కణ్ణుంచే నడపాలని అడిగారు కదా, నేను నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాను. కూకట్‌పల్లిలో మాది, తెనాలిలో నాన్నావాళ్ళది, ఖమ్మంలో అత్తయ్యగారిది. డల్లాస్‌లో ఉన్న చెల్లి ఫోటోలు చూసుకోవడం వరకే.

స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పటికీ మారని ఇంటర్నెట్ అడ్రసు, అక్కర్లేదు. మన ఊళ్ళలో చాలా కనెక్షన్లు సీజీనాట్ వెనకే ఉంటాయి, అంటే ఒకే ఇంటర్నెట్ అడ్రసుని కంపెనీ చాలా ఇళ్ళకి పంచుతుంది. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కి బయటివైపు అడ్రసు) 100.64కీ 100.127కీ మధ్య ఉంటే మీదీ అంతే, పోర్ట్ ఫార్వార్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని నాస్‌కి పంపే రౌటర్ సెట్టింగ్) పెట్టినా బయటి నుంచి రాలేరు. రాగలిగే కనెక్షన్ అయినా పోర్టులు తెరవకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి నేరుగా కనబడే క్యూనాప్ కంపెనీ నాస్‌లని వెతికి మరీ ఫైళ్ళు లాక్ చేసి డబ్బులు అడిగింది. నేను వాడేది టెయిల్‌స్కేల్, మన మెషీన్లు ఎక్కడున్నా వాటిని ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడుస్తుంది, ఇంటి లోపలి నుంచే బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు. ఒక్క మెలిక ఉంది: మార్చకపోతే ఒక్కో మెషీన్ లాగిన్ 180 రోజులకి ఎక్స్‌పైర్ అవుతుంది. నాకది తెలీదు. తెనాలి నాస్ ఓ రోజు మాయమైంది, నాన్నేమో లైట్లన్నీ బాగానే వెలుగుతున్నాయంటారు. శనివారం రైలెక్కి వెళ్ళి మళ్ళీ లాగిన్ అయితే రెండు నిమిషాల్లో వచ్చింది. నాస్‌కి ఈ గడువుని (కీ ఎక్స్‌పైరీ) ముందే ఆపేసుకోండి. అమ్మకి మాత్రం ఆ ఆరునెలల గడువు బాగా నచ్చింది.

నెట్‌వర్క్ అంతా ఒక్క సాయంత్రం పని. మిగతా నాలుగేళ్ళూ నా తంటా కరెంటుతోనూ, ఇంట్లోవాళ్ళతోనూ.

ఉరుము వినబడితే చాలు, నాన్న టీవీతో పాటు నాస్ ప్లగ్గు కూడా పీకేసేవారు. పిడుగుల కాలంలో వద్దని ఎలా అంటాం? అందుకే యూపీఎస్ పెట్టి, పీకితే దాని ప్లగ్గే పీకండి అన్నాను. యూఎస్‌బీ కేబుల్‌తో నాస్‌కి కలిపాం కాబట్టి కరెంటు పోయిన ఐదు నిమిషాలకి నాస్ తనంతట తనే పద్ధతిగా ఆగుతుంది. చవక యూపీఎస్‌లలో చాలావాటికి ఆ పోర్టే ఉండదు, షాపులో వెనక్కి తిప్పి చూసి కొనండి. కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. నాస్ ఆగాక యూపీఎస్‌ని కూడా ఆపమనే ఆప్షన్ ఉంటే అదీ పెట్టండి, లేదంటే కరెంటు పోయి వచ్చిన సంగతే నాస్‌కి తెలియక అలాగే పడుకుని ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి, బ్యాటరీ అయిపోతోందని అది నాస్‌కి చెప్పలేదు. రౌటర్‌ని మాత్రం ఇన్వర్టర్ మీద వేయించండి.

ఖమ్మం కథ వేరు. "రెండ్రోజులుగా ఆ గదిలో కీచురాయి అరుస్తోంది బాబూ" అన్నారు మావయ్యగారు, మాటల మధ్యలో. అది డిస్కు పోయిందని నాస్ చేస్తున్న బీప్! అలర్టులేమో నేనెప్పుడూ తెరవని మెయిల్‌కి వెళ్తున్నాయి. కొత్త డిస్కు కొరియర్ చేసి, వీడియో కాల్‌లో ఆయన చేతే మార్పించాను. ఉన్నవి రెండే డిస్కులు, పొరపాటున బాగున్నదాన్ని లాగితే డేటాకే ముప్పు. అదృష్టం కొద్దీ మొదట్లోనే ఒక్కో ట్రే మీద సీరియల్ నంబర్ చివరి నాలుగంకెలు మార్కర్‌తో రాసి పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని "ఏడు, రెండు..." అని చదువుతుంటే నేను స్క్రీన్ మీద సరిచూసుకున్నాను. మీరూ ఈ పని మర్చిపోవద్దు.

మొదటి బ్యాకప్ నెట్ మీద పంపకండి. 2 టీబీ డేటా 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో వెళ్ళాలంటే నాలుగున్నర రోజుల పైనే. రెండు నాస్‌లనీ మీ ఇంట్లో పక్కపక్కన పెట్టి కాపీ చేసి, ఆ తర్వాతే ఊరికి పట్టుకెళ్ళండి. ఉత్త సింక్‌ని బ్యాకప్ అనుకోవద్దు, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. స్నాప్‌షాట్లు (ఫైళ్ళు అంతకుముందు ఎలా ఉన్నాయో దాచి ఉంచేవి) ఆన్ చేయండి.

చివరగా, కరెంటు ఖర్చు గురించి మీ నాన్నగారు అడగడం ఖాయం. మాది సగటున 25 వాట్లు, అంటే నెలకి 18 యూనిట్లు. ఆ డబ్బులు నేనే పంపుతానన్నాకే మా నాన్న రాత్రిళ్ళు స్విచ్ కట్టేయడం మానేశారు.