మంచు తుఫాను సెలవు: తలుపు తట్టు తమ్ముడూ

తమ్ముడూ, నేను సంక్రాంతికి గుంటూరొచ్చానని తెలిసి మీ అమ్మగారు నిన్న సాయంత్రం బ్రాడీపేటలో మా ఇంటికొచ్చారు. అరిసెల డబ్బా బల్ల మీద పెట్టి, "అమెరికాలో మావాడుండే చోట మంచు తుఫానంట బాబూ, వాడొక్కడే ఉన్నాడు" అని కూర్చున్నారు. నువ్వేమో "అన్నా, ఆఫీసు సెలవు, రెండు రోజులు ఫుల్ ఎంజాయ్, ఏమేం కొనాలి?" అని మెసేజ్ పెట్టావు. ఇద్దరిలో మీ అమ్మగారే కరెక్టు.

కొనడం ఎంతసేపు? ఊరంతా పాలూ బ్రెడ్డూ కోసం ఎగబడుతుంది, నేనూ ఎగబడి మూడు బ్రెడ్డు ప్యాకెట్లు తెచ్చాను, జ్వరం వస్తే తప్ప బ్రెడ్డు ముట్టని మనిషిని. రెండు బూజు పట్టాయి. బియ్యం, కందిపప్పు, ఒక టార్చి, ఫోన్‌కి నిండా ఛార్జి ఉంటే చాలు. కారు ఎక్కడ పెట్టకూడదో, ఇంటి ముందు మంచు ఎప్పటిలోగా తియ్యాలో మీ టౌన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చదువుకో. కారు స్టార్ట్ చేసే ముందు మాత్రం సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసెయ్. అది మూసుకుపోతే విషవాయువు కార్లోకే వస్తుంది, వాసన కూడా తెలియదు. అద్దం మీద వేడినీళ్లు పొయ్యకు. నేను పోశాను. టిక్ మని చిన్న చప్పుడు, ఈ మూల నుంచి ఆ మూలకి గీత. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు అద్దానికే పోయింది. నాన్నకి మాత్రం బ్యాంకు సెలవులని చెప్పాను.

అసలు సంగతికొస్తా. 2015 సెప్టెంబరులో న్యూజెర్సీలో దిగాను, 2016 జనవరి 23న పెద్ద తుఫాను. పక్కనే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు పడింది, అక్కడ అప్పటికి అదే రికార్డు. రైళ్లు, బస్సులు బంద్. రూమ్మేట్లు ఊళ్లో లేరు. నీలాగే నేనూ సంబరపడ్డాను, దుప్పటి ముసుగేసుకుని సినిమాలు చూడొచ్చని. మధ్యాహ్నానికి ఏదో తేడాగా అనిపించింది. చప్పుడు లేదు. కొత్త మంచు చప్పుడంతా మింగేస్తుంది, నీకూ తెలుస్తుందిలే. తెల్లారిందగ్గర్నుంచి పాలవాడు, ఆటోలు, గుడి మైకు వింటూ పెరిగిన చెవులకి అది ఎంత భయమో! అమ్మకి ఫోన్ చేద్దామంటే గుంటూరులో రాత్రి పదిన్నర దాటింది. చలికాలంలో మనం పదిన్నర గంటలు వెనక కదా. ఆ టైములో ఫోన్ మోగితే కంగారుపడి లేస్తుంది. చెయ్యలేదు. మూడు సినిమాలు పెట్టాను, ఒక్కటీ గుర్తులేదు.

సాయంత్రం తోచక మిరపకాయ బజ్జీలు మొదలెట్టాను. కిటికీ తీస్తే చలి, తియ్యకపోతే పొగ. నూనె కాగిందో లేదో సీలింగ్‌కున్న పొగ అలారం గుక్కపెట్టి ఏడ్చింది. తువ్వాలు పట్టుకుని దాని కింద ఊపుతుంటే ఎవరో తలుపు బాదారు. అయిపోయాను, తిట్లే అనుకున్నాను. పైవాటా ఆవిడ. నాలుగు నెలలుగా మెట్ల మీద ఎదురైనా ఇద్దరం ఫోన్‌లోకి చూసుకుంటూ పోయేవాళ్లం (మనవాళ్లకి ఈ జబ్బొకటి, మనవాళ్లని తెలిసే తల తిప్పుకుంటాం). పొగలోకి తొంగిచూసి, "అయ్యో, బజ్జీలా? వాము వేశావా బాబూ?" అంది. తెనాలి వాళ్లట! భర్త, ఇద్దరు పిల్లలు కూడా దిగొచ్చారు. మర్నాడు వాళ్ల పారతోనే నా కారు బయటికి తీశాం. ఇప్పుడు నాకు సొంతిల్లుంది, మంచు ఊడ్చే మిషనూ ఉంది, అయినా తుఫానంటే వాళ్లింటికో మా ఇంటికో చేరిపోతాం.

కాబట్టి మంచు మొదలవకముందే, ఇవాళే, ఎదురు ఫ్లాట్ తలుపు తట్టు. పంచదార కావాలనో, పార ఉందా అనో అడుగు. సిగ్గుపడితే రెండు రోజులు గోడలు చూస్తావు. మీ అమ్మగారికి పొద్దున ఎనిమిదింటికే ఫోన్ చెయ్యి, ఇక్కడ సాయంత్రం ఆరున్నర, ఆవిడ మెలకువగా ఉంటారు. అరిసెలు పట్టుకొస్తున్నాను. సగం అయిపోయాయి, ఏమనుకోకు.