ఆ బల్ల మీది మనిషి

చిరంజీవికి, ఆశీస్సులు.

ప్రాచీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో వైద్యులు ఖైదీలను కోసి చూడటం మీద నువ్వు రాసిన కథ చేరింది. ఆ ఊరి వర్ణన బాగుంది. అయితే నాలుగో పేజీలో "ఆ 600 శరీరాలు వైద్యానికి వెలుగునిచ్చాయి" అన్న వాక్యం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. శరీరాలన్నావు, మనుషులనలేదు.

ఆ అంకె తొలి క్రైస్తవ రచయితల్లో ఒకడైన టెర్టూలియన్‌ది. అలెగ్జాండ్రియాలో శరీరాలు కోసి చూసిన గ్రీకు వైద్యుడు హెరోఫిలస్ పోయిన నాలుగు శతాబ్దాల పైచిలుకు తర్వాత, ఆయన్ను వైద్యుడనాలో కసాయి అనాలో అని నిందిస్తూ రాసిన మాట. నిందలోని అంకెను లెక్కగా ఎత్తి రాయకూడదు.

అంతకు ముందే, క్రీ.శ. 1వ శతాబ్దంలో, రోమన్ వైద్య గ్రంథకర్త సెల్సస్ ఈ వివాదాన్ని నమోదు చేశాడు. రాజులు చెరసాల నుంచి ఇప్పించిన నేరస్థులను హెరోఫిలస్, ఆయన కాలపు మరో వైద్యుడు ఎరాసిస్ట్రాటస్ ప్రాణముండగానే కోసి, ఊపిరాడుతుండగా అవయవాల రంగు, ఆకారం, అమరిక పరిశీలించారని ఒక పక్షం మెచ్చుకునేది. కొద్దిమంది నేరస్థుల బాధతో అన్ని కాలాల అమాయకులకూ చికిత్స దొరికితే అది క్రూరత్వం కాదని వాదించేది. నువ్వు ఆ వాదాన్నే కథకుడి తీర్పుగా పెట్టి, ఎదుటి పక్షానికి ఒక్క వాక్యం కూడా ఇవ్వలేదు. కోత పడిన దేహంలో కనిపించేది బతుకు కాదని, చావని, రంగూ మెత్తదనమూ అప్పటికే మారిపోతాయని, గాయపడిన గ్లాడియేటర్‌నో, సైనికుణ్ణో, దొంగలు కొట్టిన బాటసారినో కాపాడబోయే వైద్యుడు చంపకుండానే లోపలి భాగాలు చూడగలడని చికిత్సకు అనుభవమే చాలనే అనుభవవాద వైద్యులు జవాబిచ్చారు. సజీవులను కోయడం క్రూరమూ అనవసరమూ అని, విద్యార్థులు శవాలను కోయడం మాత్రం అవసరమని సెల్సస్ తేల్చాడు. మన సుశ్రుతుడు చెప్పిందీ శవం గురించే: గడ్డి చుట్టి, బోనులో ఉంచి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పొరపొరగా రుద్ది చూడమన్నాడు.

నా తొలి కథల్లో ఒకటి మార్చురీ మీద రాశాను. బల్ల మీద నేను కళ్లారా చూసిన రిక్షా కార్మికుడు, అతని మణికట్టుకు పసుపు దారం. రక్తం చాలలేదని ఒక సంపాదకుడు కథ తిప్పి పంపితే రెండు పేరాల రక్తం కలిపాను. అచ్చులో ఆ రక్తం ఉంది, దారం లేదు, ఆయన కొట్టేశాడు. ముప్పై ఏళ్లయినా ఆయన్ను నేను క్షమించలేదు, ఒప్పుకున్నందుకు నన్నూ క్షమించుకోలేదు. ఇప్పటి పత్రికలకూ భయానకమే కావాలి. నువ్వు నాలుగు పేజీలు కేకలు పెట్టించిన ఖైదీ ఒక్క మాటైనా మాట్లాడడు.

ఆ ఖైదీల పేర్లు గానీ నేరాలు గానీ సెల్సస్ చెప్పలేదు. చరిత్రకారుడు అక్కడ ఆగిపోక తప్పదు, నువ్వు కథకురాలివి. జైలు తలుపు తెరిచిన ఉదయం తననెక్కడికి తీసుకెళ్తున్నారని అతను కావలివాణ్ణి ఏమడిగాడో రాసి, కథ మళ్లీ పంపు.