టెక్ సందేహాలు: 'అప్రూవ్డ్' అని వచ్చింది, మందులు రాలేదు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాం, అమ్మానాన్నలు మాతోనే ఉంటారు. నాన్నగారి బీపీ, షుగర్ మందులు ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్‌లో ఆయన లాగిన్‌తో నేనే ఆర్డర్ పెడుతుంటాను. ఈసారి 'అప్రూవ్డ్' అని చూపిస్తోంది కానీ, ఎప్పుడూ వెళ్లే ఫార్మసీవాళ్లు తమకేమీ రాలేదంటున్నారు. ఎందుకిలా?

జవాబు: ఈమధ్య ఇంటికే మందులు పంపే ఆన్‌లైన్ ఫార్మసీ దేంట్లోనైనా ఆయన పేరు రిజిస్టర్ చేశారా? ఇలాంటి ఉత్తరాలు తరచుగా వస్తున్నాయి. చాలావాటిలో కారణం అదే. రిజిస్టర్ చేసేటప్పుడు పెట్టే ఒక్క టిక్కుతో ఆయన 'నామినేటెడ్ ఫార్మసీ' మారిపోతుంది. జీపీ (మీ స్థానిక ఫ్యామిలీ డాక్టరు) సంతకం చేసిన ప్రిస్క్రిప్షన్ ఇక అక్కడికే వెళ్తుంది. యాప్‌లో ప్రిస్క్రిప్షన్ల పేజీ తెరిచి, నామినేటెడ్ ఫార్మసీగా ఎవరి పేరుందో చూడండి. మీ వీధి ఫార్మసీ కాకపోతే మార్చండి. అయితే ఇప్పటికే జారీ అయినది దానంతటది వెనక్కి రాకపోవచ్చు. ఆన్‌లైన్ ఫార్మసీకి ఫోన్ చేసి, ప్రిస్క్రిప్షన్‌ను 'స్పైన్‌కు రిటర్న్' చేయమనండి. స్పైన్ అంటే ఎన్‌హెచ్‌ఎస్ కేంద్ర వ్యవస్థ. అక్కడికి తిరిగొస్తే మీ ఫార్మసిస్టు దాన్ని తీసుకోగలరు.

ఇంకో సంగతి. 'అప్రూవ్డ్' అంటే జీపీ ఒప్పుకున్నారని మాత్రమే, మందులు సంచిలో సిద్ధంగా ఉన్నాయని కాదు. జీపీకి సాధారణంగా రెండు పనిదినాలు, ఆపైన ఫార్మసీకి మరికొంత సమయం పడుతుంది. చేతిలో పది రోజుల మాత్రలు ఉండగానే ఆర్డర్ పెట్టండి. ఈస్టర్‌కు శుక్రవారం నుంచి సోమవారం దాకా వరుసగా నాలుగు రోజులు జీపీలు మూసేస్తారు, అప్పుడు ఇంకా ముందే పెట్టాలి.

ఇంత పెద్ద మార్పును చిన్న అక్షరాల టిక్కు కింద దాచే యాప్‌లంటే నాకు ఒళ్లు మండుతుంది. పాత ఫార్మసీ పేరు, కొత్త ఫార్మసీ పేరు పక్కపక్కన చూపించి, 'మార్చమంటారా?' అని అడగడానికి అదనంగా ఒక్క తెర చాలు. డెబ్బై ఏళ్ల మనిషి ఇన్సులిన్ కోసం తెలియని చిరునామాకు ఫోన్లు చేస్తూ తిరగాల్సిన అవసరమేముంది?

అన్నిటికన్నా నన్ను కంగారు పెట్టింది మీరు మామూలుగా రాసేసిన 'ఆయన లాగిన్‌తో' అన్న మాట. ఆ లాగిన్ మందులతో ఆగదు. రక్తపరీక్షల ఫలితాలు, ఆసుపత్రి ఉత్తరాలు, డాక్టర్ రాసుకున్న నోట్సు కూడా దాని వెనకే ఉంటాయి. అదే ఎన్‌హెచ్‌ఎస్ లాగిన్‌ను వేరే ఆరోగ్య యాప్‌లూ అంగీకరిస్తాయి. లాగిన్ అయ్యేటప్పుడు ఫోన్‌కు వచ్చే ఆరంకెల కోడ్‌ను ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంటే, ఆ గ్రూపులో ఉన్నవాళ్ల ఫోన్లన్నీ ఆయన వైద్య రికార్డుకు తలుపులే. యాప్‌కు వేలిముద్ర లాగిన్ పెట్టుంటే, ఆ ఫోన్‌లో వేలిముద్ర నమోదైన ప్రతి ఒక్కరూ లోపలికి వెళ్లగలరు. పిల్లల వేలిముద్రలు కూడా ఉన్నాయేమో సెట్టింగుల్లో చూడండి.

సరైన దారి ప్రాక్సీ యాక్సెస్, అంటే ఆయన తరఫున మీరు చూసుకోవడానికి అధికారికంగా ఇచ్చే అనుమతి. నాన్నగారు జీపీ రిసెప్షన్‌లో ఫారం అడిగి, తన సమ్మతితో మీ పేరు ఇవ్వాలి. మీ గుర్తింపు పత్రాలు అడగొచ్చు. మందుల ఆర్డర్ వరకే అనుమతి ఇచ్చి, రికార్డులు చూడనివ్వకుండానూ ఉంచుకోవచ్చు. ఆమోదించాక మీ సొంత లాగిన్‌లోంచే ఆయన ప్రొఫైల్‌కు మారతారు. తర్వాత ఆయన పాస్‌వర్డ్ మార్పించండి. కోడ్ వచ్చే నంబరు ఆయన జేబులోని ఫోన్‌దే కావాలి.

ప్రశ్న: యాప్‌లోని రిపీట్ లిస్టులో (క్రమం తప్పకుండా తీసుకునే మందుల జాబితాలో) ఒక మందు మాయమైంది. యాప్ పాడైందా?

జవాబు: యాప్ కాదు. చాలాసార్లు మందుల రివ్యూ (ఆ మందులు ఇంకా సరిపోతున్నాయా అని చూసే పరిశీలన) గడువు దాటి ఉంటుంది, లేదా డాక్టరే ఆ మందు ఆపి ఉంటారు. యాప్ తీసేసి మళ్లీ పెట్టడం దండగ, జీపీని అడగండి. మాత్రలు ఈరోజే అయిపోతుంటే ఎన్‌హెచ్‌ఎస్ వారి సహాయ సేవ 111 ఆన్‌లైన్‌లో అత్యవసర మందుల కోసం అడగండి. పాత మందు డబ్బానో, రిపీట్ చీటీనో దగ్గర పెట్టుకోండి, మోతాదు అడుగుతారు.