స్థలం ధర పెరిగింది, అమ్మాయి చదువు మాత్రం వద్దా?

విజయనగరంలో కిరాణా వ్యాపారం చేసే ఒక తండ్రి రాశారు: ‘‘మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సీఎస్ఈలో ఏఐ తీసుకోమంటే వినదు. నగరాల రవాణా ప్లానింగ్ చదువుతుందట, బి.ప్లాన్ అనే ప్లానింగ్ డిగ్రీలో చేరుతుందట. సాయంత్రాలు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర నిలబడి ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎందరు నిలబడి వెళ్లారు అని నోటు పుస్తకంలో రాసుకుంటోంది. భోగాపురం వైపు మా స్థలం ధర బాగా పెరిగింది. అది అమ్మైనా సీఎస్ఈ సీటు కొంటాను. మూడు కోర్సులూ పోల్చి చెప్పండి, సివిల్‌తో సహా.’’

పోలుస్తాను. ముందు మీ స్థలం సంగతి చూద్దాం. దాని ధర పెరగడానికి మీరేం చేశారు? మహా అయితే కంచె వేయించి ఉంటారు. అక్కడ విమానాశ్రయం కట్టాలన్నారు, కొమ్మాది నుంచి భోగాపురం దాకా విశాఖ మెట్రో రెండో దశను ప్రతిపాదించారు. ఎవరో మ్యాపు మీద గీత గీస్తే మీ సెంటు ధర కదిలింది. అలా పెరిగిన విలువలో కొంత, స్థలం ఉన్నవాళ్లు కట్టే బెటర్‌మెంట్ ఛార్జీల వంటి వాటితో రాబట్టి, అదే రోడ్డుకూ రైలుకూ ఎలా పెట్టాలన్నది మీ అమ్మాయి కోరుకుంటున్న చదువులో పెద్ద భాగం. మీకు లాభం తెచ్చిన విద్యను మీరే చిన్నచూపు చూస్తున్నారండీ.

విశాఖ మెట్రో మొదటి దశ 46.23 కిలోమీటర్లకు అంచనా 11 వేల కోట్ల పైమాటే. కేంద్రం సాయం చేయాలంటే, 2017 మెట్రో విధానం ప్రకారం బస్సుల వంటి ఇతర మార్గాలతో పోల్చి చూపాలి. జనానికి ఆదా అయ్యే సమయాన్నీ ఇంధనాన్నీ రూపాయల్లోకి మార్చి, సమాజానికి కనీసం 14 శాతం ప్రతిఫలం ఉందని లెక్క తేల్చాలి. కూలికి వెళ్లే మనిషికి రోజూ మిగిలే ఇరవై నిమిషాల విలువ ఎంత? అంత తేలికైన లెక్క కాదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు కండక్టర్ ఇచ్చే సున్నా టికెట్టూ అంతే. ఉచితం ప్రయాణికురాలికే, ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి. ఏ రూటులో ఎందరు ఎక్కారో తెలియకుండా కట్టేదెలా? మీ అమ్మాయి పుస్తకంలో ఉన్నది పిచ్చిగీతలు కాదు.

ఇక సీఎస్ఈ-ఏఐ. ఆ తోక మీద నాకు అనుమానం. మూడో ఏడు వచ్చినా ఏఐని కాలేజీ పేరు బోర్డు మీద తప్ప తరగతిలో చూడలేదని చెప్పే పిల్లలు నా దగ్గరకు వస్తున్నారు. కోర్సు పేరు మార్చినంత తొందరగా పాఠం చెప్పేవాళ్లు తయారుకారు కదా. నేనూ కొన్నేళ్లు అందరినీ అటే తోలాను, ఆ తప్పు ఒప్పుకుంటాను. ప్రోగ్రాం రాయడమంటే ఇష్టమున్న పిల్లలకు అది ఇప్పటికీ మంచి దారే. మీ అమ్మాయికి ఆ ఇష్టం ఉన్నట్టు మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. పైగా స్థలం అమ్మి సీటు కొనడమా? పెరిగే సరుకు అమ్మి తరిగే సరుకు కొనే వ్యాపారిని నేనెక్కడా చూడలేదు.

బి.ప్లాన్‌కు విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, కేంద్ర సంస్థ. దీనిలోనూ కష్టాలున్నాయి. ప్రభుత్వ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. ప్రైవేటు సంస్థల్లో మొదట్లో జీతం చిన్నది, ఊరు వదలాలి. సివిల్ చదివి, వరంగల్ ఎన్ఐటీ వంటి చోట రవాణా ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేసే దారి కూడా ఉంది. మీకు నిద్ర పట్టాలంటే అదే మేలు.

మీ అసలు భయం జీతం గురించి కాదనుకుంటాను. పెళ్లి పందిట్లో ‘అమ్మాయి ఏం చదువుతోంది’ అంటే ‘సీఎస్ఈ’తో మాట ముగుస్తుంది. ‘ప్లానింగ్’ అంటే ‘అంటే ఏమిటి’ అని మరో ప్రశ్న వస్తుంది. శ్రీకాకుళం నుంచి, బొబ్బిలి నుంచి ఏటా ఇదే భయం వేరువేరు కోర్సుల పేర్లతో నా దగ్గరకు వస్తుంది. బంధువుల ప్రశ్న భోజనాల పిలుపు వచ్చేదాకే. ఎవరూ చెప్పకుండానే ఎండలో నిలబడి లెక్క రాసుకునే పిల్ల ఎక్కడైనా బతకగలదు, నిశ్చింతగా ఉండండి.

ఒక సాయంత్రం కొట్టు కాస్త ముందుగా కట్టేసి ఆమెతో పాటు కాంప్లెక్స్‌కు వెళ్లండి. ఆమె లెక్కల్లో తప్పులుంటే మీ వ్యాపారి కంటికి దొరుకుతాయి, అవి దిద్దించండి. తర్వాత పుస్తకం తీసుకుని ఇద్దరూ నా దగ్గరకు రండి. స్థలం కాగితాలు అక్కర్లేదు.